వేలాడదీసిన గ్యాస్ హీటర్లకు దృఢ పైపా, వంగే గొట్టమా? కోళ్ల షెడ్లు, హరితగృహాలలో సంధానం ఎంపిక

కోడిపిల్లలను తొలి వారాలలో వెచ్చగా ఉంచేందుకూ, శీతల దేశాల హరితగృహాలలో పైరును రాత్రి చలి నుండి కాపాడేందుకూ వాడే గ్యాస్ హీటర్లలో అధిక భాగం నేల మీద నిలబడవు. కప్పు దూలాల నుండి గొలుసులు, తీగతాళ్లు లేదా ఇనుప కడ్డీల ఆధారంతో వేలాడుతూ పనిచేస్తాయి. దీనివల్ల నేల ఖాళీగా మిగులుతుంది, పరికరం తడికీ చెత్తకూ దూరంగా ఉంటుంది. అయితే వేలాడే వస్తువు ఎంతో కొంత కదలక తప్పదు. దానికి ఇంధనాన్ని తెచ్చే పైపు మాత్రం గోడకో, దూలానికో బిగించి ఉంటుంది. కదిలే దానికీ కదలని దానికీ నడుమ ఉండే ఆ చివరి అర మీటరు, మీటరు భాగమే మొత్తం గ్యాస్ అమరికలో అన్నిటికంటె బలహీనమైన చోటు. షెడ్డు నిర్మాణానికి అంచనాలు వేసేటప్పుడు అందరికంటె చివర గుర్తుకు వచ్చేదీ అదే.

ఈ చివరి భాగాన్ని ఇనుప పైపుతోనే ముగించాలా, వంగే గొట్టం పెట్టాలా అన్న ప్రశ్నకు క్షేత్రస్థాయిలో రెండు రకాల సమాధానాలు వినిపిస్తాయి. ఇనుము బలమైనది కనుక అదే క్షేమమని కొందరంటారు. గొట్టం బిగించడం సులువు, ఖర్చు తక్కువ కనుక అదే చాలునని మరికొందరంటారు. రెండు వాదనలూ పరికరాన్ని చూడకుండా పైపును మాత్రమే చూసి చేసినవి. పరికరం ఏ దిశలో, ఎంత మేర, ఎన్నిసార్లు కదులుతుందో ముందు తేల్చుకున్నచో, సంధానం ఏదన్నది చాలావరకు దానంతటదే తేలిపోతుంది. కదలికకు గొట్టంలో చోటు ఇవ్వనప్పుడు ఆ కదలిక మాయం కాదు. అది పైపు మరలలోకి వెళుతుంది, అక్కడ సందు చేసుకుంటుంది.

మూడు పరికరాలు, మూడు కదలికలు

వేలాడదీసే గ్యాస్ హీటర్లను కదలిక దృష్ట్యా మూడు తరగతులుగా చూడవచ్చును.

మొదటిది, హరితగృహాలలో వాడే యూనిట్ హీటర్. ఇది బర్నరు, ఉష్ణవినిమయ భాగం, పంకా ఒకే పెట్టెలో ఇమిడి ఉన్న బరువైన పరికరం. నాలుగు మరకడ్డీలతో కప్పుకు బిగించి వేలాడదీస్తారు. పంకా వలన స్వల్ప కంపనం, మొదలయ్యేటప్పుడు కొద్దిపాటి ఊపు తప్ప దీనికి వేరే కదలిక లేదు. కడ్డీలు పొడవుగా ఉన్నచో ఏటవాలు కట్లు వేసి ఆ ఊపును కూడా అరికట్టవచ్చును. ఇటువంటి పరికరానికి దృఢ పైపే తగినది. వాల్వు, దాని తరువాత విడదీయుటకు వీలైన యూనియన్, గ్యాస్‌తో వచ్చే మడ్డి, నీటి చుక్క దిగుటకు కిందికి దించిన మూసిన పైపు ముక్క, ఈ మూడూ ఉంటే సంధానం పూర్తి అయినట్లే. ఇక్కడ పాటించవలసిన నియమం ఒక్కటే: హీటర్ బరువు పైపు మీద పడరాదు, పైపు బరువు హీటర్ మీద పడరాదు. అమెరికా దేశపు అంతర్జాతీయ ఇంధన గ్యాస్ నియమావళి అర అంగుళం పైపునకు ప్రతి 6 అడుగులకూ, ముప్పావు అంగుళం, అంగుళం పైపులకు ప్రతి 8 అడుగులకూ ఆధారం ఉండవలెనని నిర్దేశిస్తుంది. మీటర్లలో ఇవి సుమారు 1.8, 2.4. 

రెండవది, ట్యూబ్ హీటర్. బర్నరు ఒక చివర ఉండి, మంట వేడి వాయువులు పొడవాటి ఉక్కు గొట్టం గుండా రెండవ చివరకు ప్రవహిస్తాయి. వేడెక్కిన గొట్టం కింది వైపునకు పరారుణ కిరణాలను ప్రసరింపజేస్తుంది. అమెరికాలోని బ్రాయిలర్ షెడ్లలోనూ, గిడ్డంగులలోనూ ఇవి విరివిగా కనిపిస్తాయి. చూచుటకు ఇది నిశ్చలమైన పరికరం. నిజానికి వెలిగించిన ప్రతిసారీ పొడవు పెరుగుతుంది, ఆర్పిన ప్రతిసారీ కుదించుకుపోతుంది. ఉక్కు ఒక్కొక్క డిగ్రీ సెల్సియస్‌కు మీటరుకు 0.012 మిల్లీమీటరు చొప్పున వ్యాకోచిస్తుంది. 15 మీటర్ల గొట్టం సగటున 250 డిగ్రీలు వేడెక్కినదనుకుంటే పొడవు 45 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఇందులో కొంత భాగం బర్నరు వైపునకు నెట్టబడి గ్యాస్ సంధానం మీద పడుతుంది. చలికాలంలో థెర్మోస్టాట్ రోజుకు పలుమార్లు హీటరును వెలిగించి ఆర్పుతుంది కనుక ఈ నెట్టుడు ఒక్క రుతువులోనే వేలసార్లు జరుగవచ్చును.

దృఢ పైపు ఈ కదలికను భరించగలదా అన్నది లెక్క వేసి చూడదగినది. పైపును కదలికకు అడ్డంగా కొంత పొడవు స్వేచ్ఛగా వదిలితే అది వంగి సర్దుకుంటుంది. ఆ స్వేచ్ఛా భాగం ఎంత ఉండాలన్నది పైపు వ్యాసం, కదలిక, అనుమతించదగిన ఒత్తిడి మీద ఆధారపడుతుంది. అర అంగుళం ఇనుప పైపు బయటి వ్యాసం సుమారు 21.3 మిల్లీమీటర్లు. వంపు ఒత్తిడిని చదరపు మిల్లీమీటరుకు 100 న్యూటన్లకు పరిమితం చేస్తే, 45 మిల్లీమీటర్ల కదలికకు సుమారు 2.4 మీటర్ల స్వేచ్ఛా భాగం కావాలి. 5 మిల్లీమీటర్ల ఊపునకైతే 0.8 మీటరు చాలును. మరలు కోసిన చోట పైపు గోడ పలుచబడుతుంది కనుక ఒత్తిడిని సగానికి తగ్గించి లెక్కించడం వివేకం. అప్పుడు ఈ అంకెలు వరుసగా 3.4, 1.1 మీటర్లు అవుతాయి. యూనిట్ హీటరుకు దృఢ పైపు ఎందుకు సరిపోతుందో, ట్యూబ్ హీటరుకు ఎందుకు సరిపోదో ఈ లెక్కలోనే ఉన్నది. బర్నరు పక్కన మూడున్నర మీటర్ల పైపును ఆధారం లేకుండా వదలివేయడం ఎవరికీ సాధ్యం కాదు. ఒకటి రెండు ఎల్బోలు బిగించి, అవి మరల మీద తిరిగి కదలికను సర్దుకుంటాయని కొందరు భావిస్తారు. తిరిగే మర అంటే వదులయ్యే మర అన్నమాట.

అందుచేతనే అమెరికా జాతీయ ఇంధన గ్యాస్ నియమావళి, అనగా ఎన్‌ఎఫ్‌పీఏ 54, కప్పు నుండి వేలాడే తక్కువ తీవ్రత గల పరారుణ ట్యూబ్ హీటర్లను ప్రత్యేకంగా ప్రస్తావిస్తుంది. వాటికి ఆ ప్రయోజనం నిమిత్తమే పరీక్షించి ఆమోదించిన వంగే సంధానాన్ని, తయారీదారు చూపిన ఆకృతిలోనే బిగించవలెనని చెబుతుంది. ఆ ఆకృతి సాధారణంగా ఆంగ్ల సి అక్షరం వంటి విశాలమైన వంపు. గొట్టాన్ని తిన్నగా లాగి బిగిస్తే అది దృఢ పైపుతో సమానమే. వంపు ఉన్నప్పుడే దానికి వంగే గుణం. ఒక హీటరుకు ఒకే గొట్టం ఉండాలి. రెండింటిని జతచేసి పొడిగించరాదు. గోడ గుండా గానీ, కప్పు గుండా గానీ పోనివ్వరాదు. వాల్వు గొట్టానికి ముందు, అదే గదిలో ఉండాలి. గొట్టం తెగినప్పుడు మూయవలసిన వాల్వు గొట్టానికి అవతల ఉండి ప్రయోజనం లేదు కదా.

వంగే గొట్టాలన్నీ ఒకటి కావన్న సంగతి కూడా ఇక్కడ గమనించాలి. స్థిరంగా ఉండే పరికరాలకు ఉద్దేశించిన లోహపు గొట్టాలకు అమెరికాలో ఆన్సీ జెడ్ 21.24 ప్రమాణం వర్తిస్తుంది. చక్రాల మీద జరిపే హోటలు పొయ్యిల వంటి వాటికి వేరుగా జెడ్ 21.69 ప్రమాణం ఉన్నది. మొదటి రకం బిగించేటప్పుడు ఒకసారి వంచుటకు, ఆపై స్వల్ప కదలికకు తగినదే గాని, రోజూ ఎత్తి దించే పనికి కాదు. ముడతలు గల లోహపు గొట్టాన్ని పదేపదే ఒకే చోట వంచితే తీగను అటూ ఇటూ వంచి విరిచినట్లే అవుతుంది.

గ్యాస్ బ్రూడర్

మూడవ తరగతి పరికరం తెలుగు రాష్ట్రాల పాఠకులకు మిగిలిన రెండింటి కంటె దగ్గరిది. గుడ్ల ఉత్పత్తిలో దేశంలో ముందు వరుసలో ఉన్న ఈ రాష్ట్రాలలో కోడిపిల్లల పెంపకానికి విద్యుత్ బల్బులు, బొగ్గు కుంపట్లతో పాటు ఎల్‌పీజీ బ్రూడర్లు వాడుకలో ఉన్నాయి. గొడుగు వంటి బ్రూడరును గొలుసుతో గానీ, కప్పీ మీదుగా పోయే తాడుతో గానీ వేలాడదీస్తారు. మొదటి వారం పిల్లల ఎత్తులో సుమారు 33 నుండి 35 డిగ్రీల వేడి ఉండాలి. ఆ తరువాత వారానికి సుమారు 3 డిగ్రీల చొప్పున తగ్గించాలి. వేడిని తగ్గించే మార్గాలలో బ్రూడరును పైకి లాగడం ఒకటి. బ్రూడింగ్ ముగిసిన తరువాత దానిని కప్పు దాకా ఎత్తి కట్టివేస్తారు. అనగా ఈ పరికరం కదలిక మిల్లీమీటర్లలో కాదు, మీటర్లలో ఉంటుంది. దీనికి దృఢ పైపు అన్న ప్రశ్నే రాదు. గొట్టం తప్పనిసరి. తేల్చవలసినది గొట్టం ఎంత పొడవు, ఎక్కడి నుండి, దేనితో చేసినది అన్న మూడు సంగతులు.

పొడవు విషయంలో జరిగే పొరపాటు దాదాపు అన్ని చోట్లా ఒకే తీరున ఉంటుంది. ప్రధాన పైపును కప్పు కింద 2.4 మీటర్ల ఎత్తున తీసుకుపోయి, కుళాయిని అక్కడే పెట్టి, గొట్టాన్ని బ్రూడరు దాకా దించుతారు. బ్రూడరు గ్యాస్ ముఖం పనిచేసే స్థితిలో నేలకు 0.6 మీటరు, ఎత్తి కట్టినప్పుడు 2.2 మీటర్లు ఉంటుందనీ, కుళాయి అర మీటరు పక్కకు ఉన్నదనీ అనుకుందాం. అప్పుడు గొట్టం కనీసం 1.9 మీటర్లు, కొంత వదులు కలిపితే 2.3 మీటర్లు కావాలి. బ్రూడరును ఎత్తి కట్టగానే ఈ గొట్టమంతా మాలవలె కిందికి జారి మనిషి నడుము ఎత్తుకు వస్తుంది. ఊక ఎత్తే పారలకూ, తోపుడు బండ్లకూ తగులుతుంది. దానిని తప్పించడానికి పనివారు గొట్టాన్ని మడిచి తాడుతో కట్టివేస్తారు. ఆ మడత పడిన చోటే మరుసటి విడత పిల్లలు వచ్చేసరికి పగులు కనిపిస్తుంది.

దీనికి పరిష్కారం మంచి గొట్టం కొనడంలో కంటె కుళాయిని సరైన ఎత్తులో పెట్టడంలో ఉన్నది. షెడ్డు స్తంభం వెంట ఇనుప పైపును 1.4 మీటర్ల ఎత్తు దాకా దించి, అంటే బ్రూడరు రెండు స్థితులకూ నడిమి ఎత్తున, అక్కడ కుళాయి బిగించాలి. అప్పుడు బ్రూడరు పైన ఉన్నా కింద ఉన్నా కుళాయికి దూరం ఒక మీటరు లోపే. వదులుతో కలిపి 1.2 మీటర్ల గొట్టం సరిపోతుంది. పైపు ఒక మీటరు పెరిగింది, గొట్టం దాదాపు సగమైంది. పైపు ఆ స్తంభానికి రెండు చోట్ల క్లాంపులతో గట్టిగా బిగిసి ఉండాలి. గొట్టం లాగినప్పుడు ఊగే పైపు వల్ల మేలు కంటె కీడే ఎక్కువ. ఇంటి పొయ్యికి 1.5 మీటర్లు మించని గొట్టం వాడే అలవాటు ఉన్న దేశంలో, వందల పిల్లలు, పొడి ఊక ఉన్న షెడ్డులో రెండున్నర మీటర్ల గొట్టాన్ని ఉపేక్షించడం వింతగానే ఉంటుంది.

బ్రూడరు బరువు గొలుసు మీదనే ఉండాలి. తాడు తెగినప్పుడు గొట్టం మీద వేలాడకుండా రెండవ గొలుసును కొద్దిగా వదులుగా కట్టి ఉంచడం మంచిది. గొట్టం గొడుగు మీదుగా గానీ, గొడుగు అంచుకు ఆనుకొని గానీ పోరాదు. గొడుగు పైనుండి లేచే వేడి గాలి తగిలిన రబ్బరు గట్టిపడి బీటలు వారుతుంది. గొట్టం ఎల్‌పీజీ కొరకు భారతీయ ప్రమాణం ఐఎస్ 9573 గుర్తు కలిగినదై, లోపల ఉక్కు తీగ అల్లిక ఉన్నదైతే ఎలుకల పళ్లకు కొంతవరకు నిలుస్తుంది. నీటికి వాడే ప్లాస్టిక్ గొట్టం, పిచికారీ యంత్రపు గొట్టం ఈ పనికి పనికిరావు. ఎల్‌పీజీ అనేక రబ్బర్లను ఉబ్బింపజేసి మెత్తబరుస్తుంది. ఇంటి గొట్టానికి పేర్కొనే 5 సంవత్సరాల గడువును షెడ్డుకు యథాతథంగా వర్తింపజేయడం సబబు కాదు. వేడి, అమ్మోనియా, ఎలుకలు, పదేపదే వంపు అన్నీ ఒకేచోట ఉన్నప్పుడు ప్రతి విడతకు ముందు గొట్టాన్ని చేతితో వంచి చూసి, సన్నని బీటలు కనిపించిన వెంటనే మార్చడమే సరైన పద్ధతి.

లీకైన గ్యాస్ ఏమవుతుందో చూస్తే ఈ జాగ్రత్తలు ఎందుకో అర్థమవుతుంది. ఎల్‌పీజీలోని ప్రొపేన్ గాలి కంటె ఒకటిన్నర రెట్లు, బ్యూటేన్ రెండు రెట్లు బరువైనవి. కనుక లీకైన గ్యాస్ కిందికి దిగుతుంది. కింద చిక్ గార్డు ఉంటుంది. 3 మీటర్ల వ్యాసం, 45 సెంటీమీటర్ల ఎత్తు గల చిక్ గార్డు లోపలి ఘనపరిమాణం సుమారు 3.2 ఘనపు మీటర్లు. గాలిలో సుమారు 2 శాతం ఎల్‌పీజీ ఉంటే అంటుకుంటుంది. ఈ లెక్కన చిక్ గార్డు లోపలి గాలి మొత్తం మండే స్థితికి చేరడానికి 130 నుండి 140 గ్రాముల గ్యాస్ చాలు. ఇది కొత్త వాణిజ్య సిలిండరులోని 19 కిలోలలో నూరవ వంతు కూడా కాదు. పిల్లలకు చలిగాలి తగలకుండా పక్కల పరదాలు దించి ఉంటాయి, మంట పైననే వెలుగుతూ ఉంటుంది. వాసన వస్తుంది కదా అన్న ధైర్యం ఇక్కడ కొరగాదు. అమ్మోనియా ఘాటుకు అలవాటుపడిన ముక్కు గ్యాస్‌లో కలిపిన మెర్కాప్టాన్ వాసనను ఆలస్యంగా పసిగట్టే ప్రమాదం ఉన్నది.

ఇత్తడి, అమ్మోనియా

ఇంతవరకు చెప్పినది కదలిక గురించి. కోళ్ల షెడ్డులో దానికి తోడు లోహం ఎంపిక కూడా ఉన్నది. సాధారణ భవనాలలో వేలాడే హీటర్ల గురించిన పుస్తకాలలో ఈ విషయం అరుదుగా కనిపిస్తుంది కనుక కొంత వివరంగా చెప్పుకోవలసి ఉన్నది.

పంతొమ్మిదవ శతాబ్దంలో భారతదేశంలోని బ్రిటిష్ సైన్యం వర్షాకాలంలో తుపాకీ తూటాలను గుర్రపు శాలలలో నిల్వ ఉంచేది. వానలు వెలిసి బయటకు తీసేసరికి చాలా ఇత్తడి తూటాలు పగిలి ఉండేవి. ఈ పగుళ్లు రుతువును బట్టి వచ్చేవి కనుక వాటికి ఆంగ్లంలో 'సీజన్ క్రాకింగ్' అన్న పేరు వచ్చింది. కారణం మాత్రం 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్సన్ అనే పరిశోధకులు తేల్చే వరకు తెలియలేదు. గుర్రాల మూత్రం నుండి వెలువడే అమ్మోనియా, చల్లని స్థితిలో సాగదీసిన ఇత్తడిలో మిగిలిపోయిన లోపలి తన్యత, ఈ రెండూ కలిసి లోహాన్ని చీల్చివేశాయి. ఒకటి లేకుండా రెండవది ఆ పని చేయలేదు.

గుర్రపు శాలకు బదులు కోళ్ల షెడ్డు, తూటాకు బదులు గొట్టం చివర బిగించిన ఇత్తడి నట్టు అనుకుంటే కథ మారదు. తడిసిన ఊకలో యూరిక్ ఆమ్లం విచ్ఛిన్నమై అమ్మోనియా వెలువడుతుంది. కోళ్ల షెడ్డులో అది 25 పీపీఎం మించరాదని సాధారణంగా చెప్పే పరిమితి. పరదాలు దించిన శీతకాలపు రాత్రులలో ఆ పరిమితిని దాటడం అసాధారణం కాదు. ఇక తడి సంగతి. పొగగొట్టం లేని బ్రూడరులో ఒక కిలో ఎల్‌పీజీ మండితే సుమారు 1.6 కిలోల నీటి ఆవిరి షెడ్డులోకే చేరుతుంది. అది తెల్లవారుజామున చల్లని లోహం మీద పొరగా పేరుకుంటుంది, అమ్మోనియా అందులో కరుగుతుంది. తన్యత ఎక్కడి నుండి వస్తుందంటే, లీకు రాకూడదని పానాతో శక్తికొద్దీ బిగించిన నట్టు నుండి వస్తుంది. అతిగా బిగించిన ఇత్తడి నట్టు ఒక్కోసారి నెలల తరబడి నిలిచి, ఎవరూ తాకకుండానే నిలువునా చీలడానికి కారణమిదే. దానిని నాసిరకం సరుకుగా భావించి అదే రకం కొత్త నట్టును మరింత గట్టిగా బిగించడం పరిపాటి.

అందుచేత షెడ్డు లోపలి సంధానాలకు సాధ్యమైనంత వరకు ఉక్కు లేదా సాగుడు ఇనుప ఫిట్టింగులనే ఎంచుకోవాలి. పైపునకు ఐఎస్ 1239 ప్రమాణపు మందపాటి తరగతి, అనగా ఎర్ర పట్టీ గల సి క్లాసు పైపు, రంగు పూతతో వాడదగినది. పలుచని పైపునకు మర కోస్తే మిగిలే లోహం తక్కువ. వాల్వులలో ఇత్తడిని పూర్తిగా తప్పించలేనప్పుడు వాటిని ఊకకు దూరంగా, గాలి తగిలే ఎత్తున ఉంచాలి. పూత లేని పాత ఇత్తడి ముడతల గొట్టాలను అమెరికా వినియోగ వస్తువుల భద్రతా సంస్థ ఇళ్లలో సైతం వాడవద్దని, ఉన్నవాటిని కదిలించి పరీక్షించడానికి కూడా ప్రయత్నించక మార్చివేయమని హెచ్చరించింది. అక్కడి లోపం ప్రధానంగా గొట్టాన్నీ చివరి ముక్కనూ కలిపిన అతుకుది. అటువంటి గొట్టాలను అమ్మోనియా గల షెడ్డులో ఊహించుకోవడం కూడా కష్టమే. స్టెయిన్‌లెస్ ఉక్కు గొట్టానికి అమ్మోనియా భయం లేదు. కాని షెడ్డు శుద్ధికి చల్లే బ్లీచింగ్ ద్రావణంలోని క్లోరైడు దాని ముడతలలో నిలిచి గుంటలు తినివేస్తుంది. కనుక ప్లాస్టిక్ పూత గలదానినే తీసుకోవాలి, శుద్ధి ముగిసిన తరువాత మంచినీటితో కడిగివేయాలి.

పశువుల కొట్టం పక్కనే బయోగ్యాస్ ఉన్నదని దానితో బ్రూడర్లు నడపదలచిన రైతులకు మరో చిక్కు ఉన్నది. శుద్ధి చేయని బయోగ్యాస్‌లోని హైడ్రోజన్ సల్ఫైడు రాగినీ, ఇత్తడినీ లోపలి నుండి తింటుంది. రాగి గొట్టాలకు ఎన్‌ఎఫ్‌పీఏ 54 అనుమతించే పరిమితి ఘనపు మీటరుకు సుమారు 7 మిల్లీగ్రాములు. 1000 పీపీఎం సల్ఫైడు గల బయోగ్యాస్‌లో అది దాదాపు 1400 మిల్లీగ్రాములు ఉంటుంది. అటువంటి గ్యాస్‌కు ఇనుపరజను వడపోత లేకుండా రాగి గొట్టం సూచించరాదు.

పరీక్ష

సంధానం పూర్తయిన తరువాతా, ప్రతి విడత పిల్లలు దిగే ముందూ లీకు పరీక్ష సబ్బు నురుగుతోనే చేయాలి, అగ్గిపుల్లతో కాదు. వాడే సబ్బు నీరు ఏదైనా పరవాలేదన్న అభిప్రాయం కూడా సరి కాదు. గాజు తుడిచే ద్రవాల వంటి కొన్నింటిలో అమ్మోనియా ఉంటుంది, అది ఇత్తడి మీద ఆరిపోతే పైన చెప్పిన పగుళ్లకే దారి తీస్తుంది. సాధారణ స్నానపు సబ్బు నురుగు చాలును, పరీక్ష తరువాత తుడిచివేయాలి. బ్రూడరును పనిచేసే ఎత్తులో ఒకసారి, ఎత్తి కట్టిన స్థితిలో ఒకసారి, ఆ రెండింటి నడుమ కదుపుతూ మరొకసారి పరీక్షించాలి. నిశ్చలంగా ఉన్నప్పుడు నిలిచే సంధానం కదిలినప్పుడు బుడగలు వేయవచ్చును. విస్తరణ సిబ్బంది షెడ్డుకు వెళ్లినప్పుడు మొదట చూడవలసినది సిలిండరును కాదు, బ్రూడరును పైకి లాగి చూడాలి. గొట్టం దేనికి తగులుతున్నదో, ఎక్కడ మడత పడుతున్నదో, కుళాయి ఆ ఎత్తున ఎందుకున్నదో రైతుతో కలిసి అక్కడే తేల్చుకోవచ్చును.